బిజినెస్ స్కూల్లో పీహెచ్‌డీ: దరఖాస్తు నుంచి వైవా దాకా

‘ఫలానా జిల్లాలో బ్యాంకు ఖాతాదారుల సంతృప్తి: ఒక అధ్యయనం’. మేనేజ్‌మెంట్ విభాగాల సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే ఈ తరహా శీర్షికలు వరసపెట్టి ఎదురవుతాయి. జిల్లా మారుతుంది, బ్యాంకు మారుతుంది. ప్రశ్నావళి, పట్టికలు, చివర్లో ఇచ్చే సూచనలు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. డిగ్రీ వస్తుంది. ఆ గ్రంథాన్ని పరీక్షకులు తప్ప ఇంకొకరు తెరిచి చూడరు. ఇందులో తప్పు రాసినవాళ్లది కాదు, వాళ్లకు దొరికిన శిక్షణది. టాపిక్ ఇచ్చారు గానీ ప్రశ్న వేయడం నేర్పలేదు.

మంచి బిజినెస్ స్కూల్లో డాక్టరల్ శిక్షణంతా ఆ ఒక్క విద్య చుట్టూ తిరుగుతుంది. ఎంబీఏకి ఇది పై మెట్టు అనుకుని వచ్చేవాళ్లు మొదటి సెమిస్టర్లోనే కంగు తింటారు. ఎంబీఏలో ఉన్న జ్ఞానాన్ని వాడటం నేర్పుతారు. ఇక్కడ ఆ జ్ఞానంలో ఎంత నిలబడుతుందో తేల్చడం నేర్పుతారు. అమెరికాలోనూ ఈ తేడా మొదటినుంచీ లేదు. 1959లో ఫోర్డ్, కార్నెగీ ఫౌండేషన్ల కోసం తయారైన రెండు నివేదికలు అక్కడి బిజినెస్ స్కూళ్లలో పరిశోధన పలచగా ఉందని గట్టిగా ఎత్తిపొడిచాకే ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, గణితం పెద్దఎత్తున వాటిలోకి వచ్చాయి. ఇప్పుడు మనం చూసే పీహెచ్‌డీ ఆ మార్పులోంచి పుట్టిందే.

మొదటి అడుగు: ఏ తలుపు తట్టాలి

మన దేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఐఐఎంలు, వాటి తరహా స్వతంత్ర బిజినెస్ స్కూళ్లు. అహ్మదాబాద్ ఐఐఎం డాక్టరల్ కార్యక్రమం 1971లో మొదలైంది. చాలాకాలం ఐఐఎంలకు డిగ్రీ ఇచ్చే అధికారం లేదు కాబట్టి, పూర్తిచేసినవారికి ‘ఫెలో’ అన్న బిరుదు ఇచ్చేవారు. 2017 ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చాక అవి పీహెచ్‌డీ పట్టాలే ఇస్తున్నాయి. 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎం కూడా ఈ కోవలోదే. 2001లో హైదరాబాద్‌లో ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లోనూ డాక్టరల్ శిక్షణ ఉంది. చేరాలనుకునే సంస్థ పీహెచ్‌డీ పట్టా ఇస్తుందా, ‘ఫెలో’ బిరుదు ఇస్తుందా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. రేపు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ ఒక్క మాట దగ్గరే దరఖాస్తు ఆగిపోవచ్చు.

రెండోది విశ్వవిద్యాలయాల దారి: హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటివి. ఇక్కడ యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు వర్తిస్తాయి. కనీస గడువు 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. పునర్నమోదుతో మరో 2 ఏళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో 2 ఏళ్లు, అంటే మొత్తం 10 ఏళ్ల దాకా వీలుంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేరాలంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ చెల్లదు.

ఫోన్లో కనిపించే ‘18 నెలల్లో డాక్టరేట్, ఇంట్లో కూర్చునే’ ప్రకటనల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు నడిపే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవడానికి తప్ప అధ్యాపక ఉద్యోగానికి అవి అక్కరకు రావు.

అమెరికా వెళ్లాలనుకుంటే లెక్క వేరు. అక్కడ సాధారణంగా 5 ఏళ్లు, పేరున్న స్కూళ్లలో ఫీజు మినహాయింపు, జీవన భృతి రెండూ ఉంటాయి. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మధ్య దాకా. సీటుతో పాటు ఆర్థిక సాయం ఇస్తామన్న చాలా విశ్వవిద్యాలయాలు మీ నిర్ణయానికి ఏప్రిల్ 15 వరకు సమయం ఇస్తాయి. ఒక ఏరియాలో ఏటా ముగ్గురు నలుగురినే తీసుకుంటారు. అందుకే ఎంఎస్‌కి దరఖాస్తు చేసినట్టు పది పదిహేను చోట్లకు ఒకే వ్యాసం పంపితే పని జరగదు.

ఏ సంస్థనైనా తూచడానికి ర్యాంకుల పట్టిక కన్నా పనికొచ్చేవి మూడున్నాయి. గత ఐదేళ్లలో అక్కడ పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో చూడండి. మీకు నచ్చిన ఏరియాలోని అధ్యాపకులు గత మూడేళ్లలో ఎక్కడ ప్రచురించారో చూడండి. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్న స్కాలర్‌కి ఫోన్ చేసి, భృతి ఎన్నో ఏడాదిలో ఆగుతుంది, గైడ్‌ని మార్చుకున్నవాళ్లు ఉన్నారా, సగటున ఎన్నేళ్లు పడుతోంది అని అడగండి. మూడో సంగతి ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు.

రెండో అడుగు: ఏరియా

మీరు చేరేది బిజినెస్ స్కూల్లోనే అయినా మీ ఇల్లు మాత్రం ఒక ఏరియానే: ఫైనాన్స్-అకౌంటింగ్, మార్కెటింగ్, సంస్థాగత ప్రవర్తన-మానవ వనరులు, స్ట్రాటజీ, ఆపరేషన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ. ప్రవేశం నుంచి ఉద్యోగం దాకా అంతా ఏరియా పేరుతోనే నడుస్తుంది. మధ్యలో మారడం దాదాపు కుదరదు.

పైపేరు చూసి ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఫైనాన్స్ అంటే షేర్ మార్కెట్ అనుకుని వస్తే మొదటి ఏడాదంతా మైక్రో ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను విశ్లేషించే గణాంక పద్ధతులు) రుబ్బాల్సి ఉంటుంది. మార్కెటింగ్‌లో రెండు తెగలు ఉన్నాయి. ల్యాబ్‌లో ప్రయోగాలు చేసే ప్రవర్తన వర్గం ఒకటి, కొనుగోలు డేటాతో గణిత నమూనాలు కట్టే వర్గం ఇంకొకటి. ఒకే కారిడార్లో ఉన్నా ఒకరి పేపర్ ఇంకొకరికి అర్థమవడం కష్టం. ఆపరేషన్స్‌కి ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్లు సులువుగా అలవాటుపడతారు. సంస్థాగత ప్రవర్తనకు మనస్తత్వశాస్త్రం, సామాజికశాస్త్రం చదివినవాళ్లు ముందుంటారు. చాలాచోట్ల ఎంబీఏ తప్పనిసరి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఎకనామిక్స్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ పీజీ వాళ్లకూ, మంచి మార్కులున్న బీటెక్ వాళ్లకూ దారి ఉంది. యూజీసీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం కావాలి. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా రావాలంటే 75 శాతం కావాలి. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంటుంది.

ఏరియా తేల్చుకోవడానికి చవకైన పరీక్ష ఒకటుంది. ఆ ఏరియాలోని పెద్ద జర్నల్ తాజా సంచికలో మూడు పేపర్ల ఉపోద్ఘాతాలు చదవండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. అర్థం చేసుకోవాలన్న దురద పుట్టిందా లేదా అన్నదే ముఖ్యం.

మూడో అడుగు: పరీక్షలు, దరఖాస్తు, ఇంటర్వ్యూ

ఐఐఎంలకు క్యాట్, జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లలో ఒకటి పనికొస్తుంది. చాలాచోట్ల యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నా సరిపోతుంది. క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది, రిజిస్ట్రేషన్ ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉంటుంది. అందుకే వచ్చే జూన్, జులైల్లో చేరాలనుకునేవారు ముందు ఏడాది వానాకాలంలోనే పని మొదలుపెట్టాలి. జనవరి, ఫిబ్రవరిల్లో దరఖాస్తులు, వేసవి మొదట్లో ఇంటర్వ్యూలు అన్నది స్థూలమైన క్రమం. అసలు తేదీలు నోటిఫికేషన్లోనే చూసుకోవాలి.

విశ్వవిద్యాలయాలకు 2024 జూన్ నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరే ప్రవేశ కొలమానంగా మారుతోంది. నెట్ ఏటా రెండుసార్లు జరుగుతుంది. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకి కోత లేదు. ఫలితం మూడు రకాలుగా వస్తుంది: జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండు, మూడు రకాల వాళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు కోరేవాళ్లు ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పరిశోధన ప్రవేశ పరీక్ష) ప్రకటన మీద కూడా ఓ కన్నేయాలి.

జేఆర్‌ఎఫ్ భృతి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా రూ.42,000. ఇంటద్దె భత్యం అదనం. ఏ సంస్థ ఇచ్చే భృతినైనా ఈ అంకెతో పోల్చి చూడండి. భృతి లేకుండా పూర్తికాల పీహెచ్‌డీలో చేరమని ఎవరికీ సలహా ఇవ్వలేం. మూడో ఏడాది డబ్బు కోసం ట్యూషన్లు, గెస్ట్ లెక్చర్లు మొదలవుతాయి. డేటా పని ఆగేది సరిగ్గా అప్పుడే.

ఉద్దేశ పత్రాన్ని చాలామంది ‘చిన్నప్పటినుంచి నాకు బోధన అంటే ప్రాణం’ అని మొదలుపెడతారు. కమిటీ వెతికేది అది కాదు. రెండు పేజీల్లో మీకు అబ్బురం కలిగించిన ఒక చిక్కుముడి, దాని గురించి ఇప్పటికే ఎవరు ఏమి చెప్పారో మీకు తెలిసినంత, వాళ్ల సమాధానం ఎక్కడ చాలదనిపించింది, దాన్ని తేల్చడానికి మీ దగ్గరున్న సరంజామా ఏమిటి అన్నది రాయండి. అంటే గణితం, కోడింగ్, పరిశ్రమ అనుభవం లాంటివి. ఆ సంస్థ అధ్యాపకుల పేపర్లు నిజంగా చదివి ఉంటేనే వారి పేర్లు రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది. ఇంటర్వ్యూలో జవాబు తెలియనప్పుడు ‘తెలియదు, కానీ ఇలా కనుక్కోవడానికి ప్రయత్నిస్తాను’ అనడం నష్టం కాదు. ఆ రెండో సగం కోసమే వాళ్లు అడుగుతారు.

నాలుగో అడుగు: కోర్స్‌వర్క్, చదివే పద్ధతి

యూజీసీ నిబంధనల్లో కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన-ప్రచురణ నైతికత అన్న కోర్సు తప్పనిసరి, ఉత్తీర్ణతకు 55 శాతం. ఐఐఎంల తరహా కార్యక్రమాల్లో ఇది దాదాపు రెండేళ్ల పని. మొదటి ఏడాది మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్, పరిశోధనా పద్ధతులు. కొన్నిచోట్ల ఎంబీఏ విద్యార్థులతో కలిసి కొన్ని కోర్సులు చేయాలి. రెండో ఏడాది ఏరియా సెమినార్లు.

సెమినార్ అంటే పాఠం కాదు. వారానికి నాలుగు నుంచి ఆరు పేపర్లు, ఒక్కోటి 30-40 పేజీలు. మీ వంతు వచ్చినవారం చర్చ నడిపేది మీరే. మొదటి పేజీ నుంచి చివరిదాకా నవల చదివినట్టు చదివేవాళ్లు రెండో వారానికే చేతులెత్తేస్తారు. ఇలా చదివి చూడండి. ముందు ఉపోద్ఘాతం, ఆ వెంటనే పట్టికలు. పట్టికలు చూసి ఫలితం ఏమిటో మీరే ఒక వాక్యంలో రాసుకోండి. తర్వాతే రచయితలు ఏమన్నారో చదవండి. మీ వాక్యానికీ వాళ్ల వాక్యానికీ తేడా ఉంటే ఆ తేడాలో ఏదో ఉంది: మీ పొరపాటో, వాళ్ల అతిశయమో. ప్రతి పేపర్‌కి ఒక పేజీ మించని నోటు తయారుచేయండి: ప్రశ్న, డేటా, పద్ధతి, ఫలితం, నమ్మకం కుదరని చోటు. జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొదటిరోజు నుంచే దాచండి. లేదంటే నాలుగో ఏడాది ఏ పేపర్ ఎక్కడ చదివారో గుర్తురాక రోజులు పోతాయి.

మొదటి వేసవిలోనే ఒక ప్రోగ్రామింగ్ సాధనం చేతికి రావాలి. ఫైనాన్స్, ఎకనామిక్స్ వాళ్లకు స్టాటా లేదా ఆర్. వచనాన్ని, వెబ్ డేటాను వాడేవాళ్లకు పైథాన్. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మౌసుతో నొక్కుకుంటూ పోతే మూడు నెలల తర్వాత ఏ బటన్ నొక్కారో మీకే గుర్తుండదు. కోడ్ రాసి పెట్టుకుంటే అదే మీ చిట్టా.

కోర్స్‌వర్క్ అయ్యాక కాంప్రహెన్సివ్ పరీక్ష ఉంటుంది. ఏరియా మొత్తం సాహిత్యం మీద రాత పరీక్ష, కొన్నిచోట్ల మౌఖికం కూడా. సాధారణంగా రెండు అవకాశాలిస్తారు, రెండూ పోతే ఇంటికే. ఇక్కడ తప్పేవాళ్లు చదవనివాళ్లు కాదు. విడివిడి పేపర్లను గుర్తుపెట్టుకుని, ఎవరు ఎవరితో వాదిస్తున్నారో పట్టుకోలేనివాళ్లు. ఏరియాలోని ఐదారు పెద్ద వాదాలను ఒక్కో పేజీలో గీసుకుని, మీ నోట్లను వాటి కింద సర్దుకుంటే చదువు సగం పూర్తయినట్టే.

ఐదో అడుగు: గైడ్

యూజీసీ లెక్కలో ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని మించి తీసుకోకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోలేరు. విశ్వవిద్యాలయాల్లో ఖాళీని బట్టి గైడ్ దొరుకుతారు కాబట్టి ఎంపిక తక్కువ. ఐఐఎంల్లో కోర్స్‌వర్క్ అయ్యాక మీరే ఎంచుకుంటారు.

పెద్ద పేరున్నవారా, చురుగ్గా రాస్తున్న చిన్న వయసు అధ్యాపకులా? మా ఓటు రెండోవాళ్లకు, ఒక షరతుతో: కమిటీలో కనీసం ఒక పెద్దాయనో పెద్దావిడో ఉండాలి. చిన్నవాళ్లకు మీ పేపర్ మీద సమయం, ఆసక్తి ఉంటాయి. కానీ వాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయే అవకాశం కూడా ఉంది. మాట ఇచ్చే ముందు ఆ గైడ్ దగ్గర వేసవిలో మూడు నెలలు ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. పంపిన డ్రాఫ్టు మీద రెండు మూడు వారాల్లో రాతపూర్వక వ్యాఖ్యలు వస్తున్నాయా అన్నది చూడండి. మేడమ్ చాలా మంచివారు, సార్ ఏమీ అనరు అన్న మాటలు విని మోసపోకండి. ఏమీ అనని గైడ్ దగ్గరే ఏడేళ్లు గడిచిపోతాయి.

ఉమ్మడి పేపర్లో ఎవరి పేరు ముందు అన్నది పని మొదలవకముందే మాట్లాడుకోవాలి. మన దగ్గర గురువుగారిని ఇది అడగడం అమర్యాదగా భావిస్తారు. అడగకపోవడం వల్ల తర్వాత వచ్చే మనస్పర్థ అంతకన్నా చేటు.

ఆరో అడుగు: టాపిక్‌ని ప్రశ్నగా మార్చడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా నడిచి చూద్దాం.

‘వ్యవసాయ మార్కెట్లలో డిజిటలీకరణ’ అన్నది టాపిక్. దీనికి జవాబు ఉండదు, ఎందుకంటే ఇందులో ప్రశ్న లేదు. ‘ఈ-నామ్ మీద నిజామాబాద్ పసుపు రైతుల అవగాహన’ (ఈ-నామ్ అంటే వ్యవసాయ మార్కెట్లను ఆన్‌లైన్లో కలిపే కేంద్ర ప్రభుత్వ వేదిక) అంటే కాస్త ముందుకొచ్చినట్టుంటుంది గానీ, ఇది మళ్లీ సంతృప్తి సర్వేనే. 200 మందిని అడిగితే 62 శాతం మందికి తెలుసు అని తేలుతుంది. అయితే ఏమిటి?

ప్రశ్న ఇలా ఉండాలి: యార్డులో నోటి పాట పోయి ఆన్‌లైన్ బిడ్డింగ్ వచ్చాక రైతుకు దక్కే ధర పెరిగిందా? పెరిగితే ఎందుకు?

‘ఎందుకు’ అన్నదాంట్లోనే సిద్ధాంతం ఉంది. రెండు కారణాలు ఊహించవచ్చు. ఒకటి, ఒకరి బిడ్డు ఒకరికి కనపడదు కాబట్టి వ్యాపారులు కుమ్మక్కవడం కష్టమవుతుంది. రెండు, బయటి ఊళ్ల వ్యాపారులు కూడా కొనగలుగుతారు. ఈ రెండూ వేర్వేరు జోస్యాలు చెబుతాయి. మొదటిదే నిజమైతే వ్యాపారులు కొద్దిమందే ఉన్న యార్డుల్లో పెరుగుదల ఎక్కువ కనిపించాలి. రెండోది నిజమైతే బయటివాళ్లు లైసెన్సు తీసుకున్న యార్డుల్లోనే కనిపించాలి. ఇలా రెండు వివరణల మధ్య తీర్పు చెప్పగల డేటాను వెతకడమే పరిశోధన రూపకల్పన. సూచనల అధ్యాయం రాయడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఇక డేటా. ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైంది. 2018 మార్చి నాటికి 585 మార్కెట్లయ్యాయి. తొలి విడతలోనే చేరినవాటిలో నిజామాబాద్ ఒకటి. రోజువారీ రాక, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన) ధరలు అగ్‌మార్క్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేరిన మార్కెట్లను, ఇంకా చేరని మార్కెట్లను, చేరకముందు, చేరిన తర్వాత పోల్చవచ్చు. దీన్ని డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ పద్ధతి అంటారు.

ఎక్కడెక్కడ దెబ్బతింటుంది? మొదట పోలిక. ఈ-నామ్ రాకముందు మూడు నాలుగేళ్లు రెండు గుంపుల ధరలూ ఒకే వాలులో నడిచాయా? నడవకపోతే పోలికే చెల్లదు. రెండు, ఎంపిక. తొలి విడతలో బాగా నడుస్తున్న యార్డులనే ఎంచి ఉంటే, ధర పెరగడానికి ఈ-నామ్ కన్నా ఆ యార్డు సామర్థ్యమే కారణం కావచ్చు. మూడు, సరుకు. పసుపులో కాడి (పొడవాటి కొమ్ము), గోళ (గుండ్రటి దుంప) రెండింటి ధరలు వేరు. ఈ-నామ్ వచ్చాక మంచి సరుకే ఆ యార్డుకు రావడం మొదలైతే సగటు ధర దానంతటదే పెరుగుతుంది, రైతుకి ఒరిగింది మాత్రం ఏమీ ఉండదు. నాలుగోది చాలామంది పట్టించుకోనిది. మార్కెట్లు వేర్వేరు తేదీల్లో చేరాయి. అందరినీ ఒకే సమీకరణంలో పోస్తే, ముందే చేరిన మార్కెట్ తర్వాత చేరినదానికి పోలికగా మారిపోయి ఫలితం వంకర పోతుంది. గత కొన్నేళ్లలో దీనికోసం ప్రత్యేక పద్ధతులే వచ్చాయి. పాత పద్ధతితో పంపితే సమీక్షకులు మొదటి రౌండ్‌లోనే ఆపేస్తారు. ఐదోది ఖాళీలు. ధర నమోదు కాని రోజుల్ని ఏం చేశారో రాయకపోతే మొత్తం పట్టిక మీదే అనుమానం వస్తుంది.

ఈ పని చేయడానికి ముందు వారం రోజులు యార్డులో నిలబడి చూడాలి. లాట్‌లోంచి నమూనా ఎవరు తీస్తారు, బిడ్డు ఎవరి ఫోన్లోంచి పడుతుంది, కమిషన్ ఏజెంట్ దగ్గర రైతుకు అప్పు ఉందా అన్నవి స్టాటాలో కనపడవు. అప్పు ఇచ్చిన ఏజెంటే సరుకు ఎక్కడికి పోవాలో నిర్ణయిస్తుంటే, మీ సమీకరణంలో అసలు లేని చలరాశి అదే.

సర్వే చేయక తప్పనప్పుడు

కొన్ని ప్రశ్నలకు సర్వేనే దారి. అప్పుడు చేసే ప్రధానమైన తప్పు: కారణాన్నీ ఫలితాన్నీ ఒకే మనిషిని, ఒకే రోజు, ఒకే ఫారంలో అడగడం. మూడ్ బాగున్న ఉద్యోగి బాస్ మంచివాడనీ, పని బాగుందనీ రెంటికీ 5 వేస్తాడు. రెంటి మధ్యా సంబంధం బయటపడుతుంది, అది ఆ మూడ్ ఇచ్చిన సంబంధమే. దీన్ని కామన్ మెథడ్ బయస్ అంటారు. దీన్ని పట్టడానికి వాడే సులువైన హార్మన్ పరీక్ష ఒకటి చేసి గండం గడిచిందనుకోవద్దు. ఉద్యోగి వైఖరిని ఉద్యోగి నుంచి, పనితీరును అతని పై అధికారి నుంచి, నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో సేకరించండి. ముందు 30-50 మందితో పైలట్ చేయండి. తెలుగులో అడిగే ప్రశ్నలైతే ఒకరితో అనువాదం చేయించి, అసలు ప్రతి చూడని ఇంకొకరితో వెనక్కి ఇంగ్లిష్‌లోకి తిప్పించి సరిచూడండి. ప్రశ్నల మధ్య పొంతనను కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని సంబరపడేముందు, మీ ఐదు ప్రశ్నలూ ఒకే ప్రశ్నను ఐదు రకాలుగా అడుగుతున్నాయేమో చూసుకోండి.

కంపెనీల ఆర్థిక వివరాలకు సీఎంఐఈ ప్రోవెస్, బ్యాంకింగ్ అంకెలకు రిజర్వ్ బ్యాంక్ డేటాబేస్, ఫ్యాక్టరీలకు వార్షిక పరిశ్రమల సర్వే మొదట వెతకాల్సినవి. ప్రోవెస్ చందా ఖరీదైనది. మీ సంస్థకు ఉందో లేదో చేరేముందే అడగడం మంచిది.

ఏడో అడుగు: ప్రపోజల్, కమిటీ, రాత

ప్రపోజల్ సమర్పణలో 20-30 పేజీలు చాలు. కమిటీ మెచ్చుకోవడానికి కాదు, విరగ్గొట్టడానికి కూర్చుంటుంది. ఇప్పుడు విరిగితే ఆర్నెల్లు పోతాయి. వైవాలో విరిగితే మూడేళ్లు. కనీసం ఒక ప్రాథమిక ఫలితంతో వెళ్లండి. ‘డేటా వస్తుంది’ అన్న ప్రపోజల్‌ని నమ్మడం ఎవరికైనా కష్టమే. కంపెనీ హెచ్‌ఆర్ వారు నోటిమాటగా ఇస్తామన్న డేటా, ఆ హెచ్‌ఆర్ మారగానే మాయమవుతుంది. అనుమతి ఈమెయిల్లోనైనా ఉండాలి.

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన సలహా కమిటీ ముందు ప్రతి సెమిస్టర్ పురోగతి చూపించాలి. వారానికి 4-6 గంటల బోధన సహాయం పని కూడా అప్పజెప్పవచ్చు. అది భారమే గానీ, పాఠం చెప్పిన అనుభవం లేకుండా ఇంటర్వ్యూకి వెళ్లడం కన్నా నయం.

ఇప్పుడు చాలా ఏరియాల్లో సిద్ధాంత గ్రంథం అంటే ఒకే కథ కాదు, మూడు వ్యాసాలు. ఒకదానితో ఒకటి బంధుత్వం ఉన్న మూడు పేపర్లు. వాటిలో అత్యుత్తమమైనది మీ ‘జాబ్ మార్కెట్ పేపర్’, అంటే ఉద్యోగ ఇంటర్వ్యూల్లో చూపించేది. అన్నిటినీ సమానంగా చెక్కుతూ కూర్చోవద్దు. ఆ అత్యుత్తమమైనదాని మీదే సగం శక్తి పెట్టాలి.

జర్నల్ ఎంపికకు జాబితాలున్నాయి: టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖ 24 జర్నళ్ల జాబితా, ఫైనాన్షియల్ టైమ్స్ 50 జర్నళ్లు, ఆస్ట్రేలియా బిజినెస్ డీన్ల కౌన్సిల్ ఏ-స్టార్, ఏ, బీ, సీ వర్గీకరణ. యూజీసీ తన ఆమోదిత జర్నళ్ల ‘కేర్’ జాబితాను 2025లో ఆపేసింది కాబట్టి ‘కేర్ లిస్ట్‌లో ఉంది’ అన్న మాటకు ఇప్పుడు విలువ లేదు. మంచి జర్నల్‌లో మొదటి జవాబుకే రెండు నుంచి నాలుగు నెలలు, రౌండ్లన్నీ దాటేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. మూడు రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత పంపండి అని వాట్సాప్‌లో వచ్చేవాటికి దూరంగా ఉండండి. అందులో వచ్చిన పేపర్ లేనిదానికన్నా అధ్వానం, ఎంపిక కమిటీ దాన్ని చూసే మిమ్మల్ని తూచుతుంది. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు ప్రచురణ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. మీ సంస్థ సొంతంగా పెట్టుకుందేమో చూసుకోండి.

నకలు విషయంలో 2018 యూజీసీ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10-40 అయితే ఆర్నెల్ల లోపు సవరించి ఇవ్వాలి. 40-60 అయితే ఏడాదిపాటు తిరిగి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కృత్రిమ మేధ సాధనాలు లేని పేపర్లను ఉన్నట్టు చూపిస్తాయి. మీరు తెరిచి చూడని ఏ పేపర్‌నీ ఉటంకించకండి. డేటా దగ్గర జాగ్రత్త ఇంకా ముఖ్యం. ముడి ఫైలును ఎప్పుడూ ముట్టుకోకండి, మార్పులన్నీ కోడ్‌లోనే చేయండి. ఫలితాలు చూశాక పరికల్పనను తిరగరాసి ముందే ఊహించినట్టు చెప్పడం, పట్టికలో గణాంక ప్రాముఖ్యాన్ని సూచించే తారకలు వచ్చేదాకా చలరాశులు మార్చడం చిన్న తప్పుల్లా కనిపిస్తాయి. 2023లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఒక పేరున్న ప్రొఫెసర్ పేపర్ల మీద వచ్చిన ఆరోపణలకు ఆధారం, బయటి పరిశోధకులు ఆ డేటా ఫైళ్లను వరసవారీగా పరీక్షించడమే. 2025లో ఆమె శాశ్వత పదవి రద్దయింది.

ఎనిమిదో అడుగు: సమర్పణ, వైవా, ఉద్యోగం

ముందస్తు ప్రదర్శన అయ్యాక గ్రంథం గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులకు వెళ్తుంది. ఒకరు తిరస్కరిస్తే ఇంకో పరీక్షకుడికి పంపుతారు. ఆయన కూడా వద్దంటే గ్రంథం పోయినట్టే. పంపిన రోజు నుంచి వైవా దాకా ఆర్నెల్లలో ముగించాలని నియమం. నివేదికలు రాక ఆలస్యమవడం తరచూ వినే ఫిర్యాదు కాబట్టి నెలకోసారి పరీక్షల విభాగాన్ని మర్యాదగా కదిపి చూడండి. వైవా తర్వాత సాఫ్ట్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో చేరుతుంది.

అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం విశ్వవిద్యాలయాల్లో రూ.57,700 దగ్గర మొదలవుతుంది. ఐఐఎంల్లో పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవంతో గ్రేడ్-1 అయితే రూ.1,01,500. ఐఐఎం తరహా నియామకంలో గంటో గంటన్నరో మీ పేపర్ మీద ప్రసంగం ఉంటుంది. ప్రశ్నలు చివరిదాకా ఆగవు, రెండో స్లైడ్ నుంచే మొదలవుతాయి. కాబట్టి సాహిత్య సమీక్షకు ఒక్క స్లైడే ఉంచి, ఐదో నిమిషానికల్లా ప్రధాన పట్టిక తెరమీద ఉండేలా చూసుకోండి. పసుపు యార్డు పేపర్ చెబుతున్నారనుకోండి, వెనక వరసలోంచి ఎవరో చెయ్యెత్తి ‘దేనితో పోలిస్తే పెరిగింది?’ అంటారు. ఆ జవాబుకు సరిపడే స్లైడు వెనక సిద్ధంగా ఉండాలి.